హన్మకొండ హాకీ జట్టు తొలి మ్యాచ్: ఆట బంగారం, ఏర్పాట్లు మెరుగుపడాలి

ఈ సీజన్‌లో మన హన్మకొండ జట్టు సొంత మైదానంలో ఆడిన మొదటి లీగ్ మ్యాచ్‌ను డిసెంబర్ రెండో ఆదివారం చూశాను. తర్వాతి మ్యాచ్‌లకు వెళ్లాలనుకునేవారికి ఉపయోగపడుతుందని ఆట గురించీ, ప్రేక్షకులకు చేసిన ఏర్పాట్ల గురించీ రాస్తున్నాను. కరీంనగర్ నుంచి వచ్చిన జట్టుతో జరిగిన ఈ మ్యాచ్ 2-2తో సమమైంది. ప్రవేశం ఉచితం. ఆటలో నాకు ఏ లోటూ కనిపించలేదు గానీ, నిర్వాహకుల పొరపాటు ఒకటి చివరికి ఆటనే దెబ్బతీసింది కాబట్టి దాన్ని వివరంగా చెప్పక తప్పదు.

ముందుగా మైదానం సంగతి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో మొదలుపెట్టి పెద్ద స్థాయి హాకీ అంతా కృత్రిమ టర్ఫ్ మీదికి మారిపోయింది. ఇక్కడ మాత్రం ఇప్పటికీ మొరం నేలే. పొద్దున్నే నీళ్లు చల్లి, రోలర్ తిప్పి, సున్నం గీతలను శ్రద్ధగా వేశారు. గోల్ ముందు అర్ధచంద్రాకారంలో గీసే డి వంపు ఎక్కడా వంకర పోలేదు. టర్ఫ్ మీద ఆటను టీవీలో చూడటానికి అలవాటుపడినవారికి మొదట ఇది నెమ్మదిగా అనిపించవచ్చు. కానీ ఏ రాయికి తగిలి ఎటు లేస్తుందో తెలియని బంతిని పరుగులోనే స్టిక్కుతో అదుపు చేసి, తల ఎత్తి చూసి పాస్ ఇవ్వడానికి చేతిలో ఎంత నేర్పు కావాలో దగ్గరి నుంచి చూస్తేనే అర్థమవుతుంది. కరీంనగర్ మొదటి గోల్ అలాంటి నేల వల్లే వచ్చింది: తిన్నగా వస్తున్న బంతి చివరి అడుగులో లేచి మన గోల్‌కీపర్ ప్యాడ్ మీదుగా లోపలికి పోయింది. ఆ ప్యాడ్లకు రెండు చోట్ల రెక్సిన్ అతుకులు వేసి దారంతో కుట్టారు. జట్టు ఏ వనరులతో సీజన్ మొదలుపెట్టిందో చెప్పడానికి అవి చాలు.

మన మొదటి గోల్ రెండో క్వార్టర్‌లో పెనాల్టీ కార్నర్ ద్వారా, అంటే గోల్ దగ్గర ఎదుటి జట్టు తప్పు చేస్తే దక్కే అవకాశం ద్వారా వచ్చింది. ఈ మ్యాచ్ మొత్తంలో నేను మళ్లీ మళ్లీ తలచుకుంటున్నది ఆ కొన్ని సెకన్లనే. పెనాల్టీ కార్నర్‌లో గోల్‌పోస్టుకు కనీసం 10 మీటర్ల అవతల, వెనుక గీత మీది నుంచి ఒక ఆటగాడు బంతిని లోపలికి నెడతాడు. అడ్డుకునే జట్టులో గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే గీత వెనుక నిలబడాలి, మిగిలినవారు మధ్య గీత అవతలికి వెళ్లాలి. బంతి డి దాటి బయటికి వెళ్లిన తర్వాతే గోల్‌కు కొట్టాలి. తొలి షాట్‌ను హిట్‌గా కొడితే బంతి గోల్ లోపలి పలక ఎత్తు, అంటే 46 సెంటీమీటర్లు, దాటి లేవకూడదు; బంతిని స్టిక్కుతో ఈడ్చి విసిరే డ్రాగ్ ఫ్లిక్‌కు ఆ హద్దు లేదు. నా పక్కన కూర్చున్న ఒక విశ్రాంత పీఈటీ సారు ఆ సమయంలో నా భుజం తట్టి, "బంతి దిక్కు చూడకు బిడ్డా, ఆపేటోని స్టిక్కు చూడు" అన్నారు. ఆయన చెప్పినట్టే చూశాను. లోపలికి నెట్టిన బంతిని ఆపాల్సిన మనవాడు మోకాళ్లు వంచి, స్టిక్కును దాదాపు నేలకు ఆనించి పరిచాడు. మొరం మీద గంతులేస్తూ వచ్చిన బంతి ఆ కర్రకు తగిలి కదలకుండా నిలిచిపోయింది. ఫ్లిక్ చేయబోతున్నట్టు వంగిన ఆటగాడు చివరి క్షణంలో బంతిని కుడివైపుకు జరిపాడు, అక్కడ సిద్ధంగా ఉన్న ఆరో నంబరు ఆటగాడు కింది నుంచి బలంగా కొట్టాడు, గోల్ పలక ఫట్‌మని మోగింది. బంతి ఆపిన ఆటగాడికి ఆ గోల్‌లో సగం వాటా ఇవ్వాలని నా అభిప్రాయం.

మూడో క్వార్టర్‌లో కుడి అంచు వెంట సాగిన పరుగుతో మరో చక్కని గోల్ వచ్చి మనం 2-1తో ముందుకు వెళ్లాం. కరీంనగర్ డిఫెన్స్ కూడా మెచ్చుకోదగ్గదే; ఫౌల్ చేయకుండా బంతిని లాక్కోవడంలో వారు మనవాళ్ల కంటే ఒక మెట్టు పైనే ఉన్నారు.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. మధ్యాహ్నం మూడున్నరకు మొదలు కావలసిన మ్యాచ్, ముఖ్య అతిథి రాక ఆలస్యం కావడంతో నాలుగుంపావు దాటాక మొదలైంది. పదిహేనేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు, విరామాలు, ఆగిన సమయం అన్నీ కలిపితే గంటన్నర దాకా పడుతుంది. డిసెంబర్‌లో మన దగ్గర ఐదున్నర దాటితే వెలుతురు పడిపోతుందని అందరికీ తెలిసిందే. ఈ మైదానానికి ఫ్లడ్ లైట్లు లేవు. పైగా తెల్లని బంతికి ఎర్రమన్ను పట్టి, నాలుగో క్వార్టర్‌కు వచ్చేసరికి నేలలో కలిసిపోయింది. ఆ మసక వెలుతురులో డి ఎడమవైపు నుంచి కరీంనగర్ ఫార్వర్డ్ స్టిక్కును తిరగేసి కొట్టిన రివర్స్ హిట్‌ను మన గోల్‌కీపర్ ఆలస్యంగా చూశాడు, స్కోరు సమమైంది. కొట్టినవాడి నేర్పును నేను తక్కువ చేయడం లేదు. ఆ గోల్ వారు కష్టపడి సాధించుకున్నదే. కానీ 156 గ్రాములకు తగ్గని గట్టి బంతి కనబడని వెలుతురులో ఇరు జట్ల పిల్లల చేత ఆడించడం ప్రమాదం. ఎవరికైనా ముఖానికి తగిలి ఉంటే బాధ్యత ఎవరిది? అతిథులను గౌరవించవద్దని కాదు, వారి అండ లేనిదే ఇలాంటి జట్లు నడవవని నాకూ తెలుసు. శాలువాలు, జ్ఞాపికల కార్యక్రమాన్ని సగం ఆట తర్వాతి పది నిమిషాల విరామానికి మార్చితే అతిథికీ ఆటకూ ఇద్దరికీ మర్యాద దక్కుతుంది.

మైకు పట్టుకున్న వ్యక్తి ఆట సాగుతున్నంతసేపూ వేదిక మీదున్నవారి పేర్లే చదివారు. గోల్ కొట్టినవారి పేర్లు ఒక్కసారి కూడా చెప్పలేదు. సుద్దముక్కతో రాసిన స్కోరు బోర్డు నాకు నచ్చింది, అయితే అది వేదిక వైపుకే తిరిగి ఉండటంతో ఎదుటి గట్టు మీద కూర్చున్నవారికి కనిపించలేదు. మంచినీళ్ల డ్రమ్ములు చివరిదాకా నిండుగానే ఉన్నాయి. గేటు దగ్గర బండి మీద అల్లం చాయ్, మిర్చి బజ్జీలు వేడివేడిగా, సరసమైన ధరకే దొరికాయి. ఆడవాళ్లకు మరుగుదొడ్డి సౌకర్యం లేకపోవడం మాత్రం పెద్ద లోపం. ఇద్దరు తల్లులు పిల్లలను తీసుకుని సగం ఆటలోనే వెళ్లిపోవడం చూశాను.

జనం బాగానే వచ్చారు. హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో ఫైనల్ దాకా వెళ్లి బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3తో ఓడిన తర్వాత మా చుట్టుపక్కల పిల్లలు స్టిక్కులు అడగడం ఎక్కువైంది. హైదరాబాద్ నుంచి మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్, నిజామాబాద్ నుంచి భారత మహిళల జట్టు దాకా వెళ్లిన యెండల సౌందర్య లాంటివారు ఉన్న రాష్ట్రం మనది. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలను హన్మకొండలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ మీద నిర్వహించుకున్న ఊరికి, ఈ జట్టు కోసం ఒక టర్ఫ్ అడగడం అత్యాశ కాదని నమ్ముతున్నాను.

వెళ్లేవారికి ఒక సలహా: వేదిక పక్క కుర్చీల కోసం చూడకుండా గోల్ వెనుక, వలకు కాస్త దూరంగా, చెట్టు నీడ పడే చోట కూర్చోండి. పెనాల్టీ కార్నర్లు అక్కడి నుంచే బాగా కనిపిస్తాయి. తలకు టోపీ, కూర్చోవడానికి ఒక దుప్పటి తీసుకెళ్లండి. వచ్చే సొంత మైదానం మ్యాచ్‌కు నేను తప్పకుండా వెళ్తాను. నిర్వాహకులు మూడింటికే ఆట మొదలుపెడతామని ముందుగా ప్రకటిస్తే, మా వీధి పిల్లలనూ వెంటబెట్టుకుని వెళ్తాను.