ద్వారకానగర్‌లో పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకున్న అనుభవం

విశాఖపట్నం మద్దిలపాలెం ఇంటి అద్దె, పన్ను వ్యవహారాలు నేను చూసేందుకు వీలుగా నాన్నగారి చేత ద్వారకానగర్‌లోని ఒక దస్తావేజు లేఖరి వద్ద జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (ఆయన తరఫున వ్యవహరించే అధికారం నాకిచ్చే పత్రం) రాయించాము. "ఇంత తొందరేమిటి?" అన్న నాన్నగారికి, కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం ఇచ్చినవారు మరణించినా, మతిస్థిమితం కోల్పోయినా ఆ అధికారం ముగిసిపోతుందనీ, మతి తప్పాక కొత్తగా రాయడం కూడా కుదరదనీ, కాబట్టి కాళ్లు కదలని రోజులకు ఇప్పుడే ఏర్పాటు చేసుకోవాలనీ లేఖరిగారు ఓపికగా వివరించారు. అమ్మకపు అధికారం వద్దన్న వెంటనే చిత్తుప్రతిలో ఆ వాక్యాన్ని ఎర్రసిరాతో కొట్టేయడం నాకు బాగా నచ్చింది. విదేశాల్లో రాసిన పత్రానికి అది భారతదేశం చేరిన 3 నెలల్లోగా స్టాంపు వేయించాలని కూడా, విదేశంలో ఉంటున్న మా చెల్లెలి కోసం, అడగకుండానే చెప్పారు. రుసుము మాత్రం చివరిదాకా తేల్చలేదు. ముందే అడిగి రాయించుకోండి.