డయల్ ఉన్న రేజరా, లేనిదా?

ఒకే ఒక్క సేఫ్టీ రేజరు కొనాలి. డయల్ తిప్పి మెత్తగానో దూకుడుగానో మార్చుకునే రకం కొనాలా, ఏ మార్పూ లేని మామూలుది కొనాలా? డయల్ మీద తొమ్మిది అంకెలుంటే ఒక్క రేజరులో తొమ్మిది రేజర్లున్నట్టే కదా, ఇంకా ఆలోచన ఎందుకు అనిపిస్తుంది. కానీ డయల్ మార్చగలిగేది రెండు కొలతల్నే. నున్నగా, మంట లేకుండా గీయడానికి కావలసినవి ఇంకా ఉన్నాయి. వాటిలో కొన్నిచోట్ల డయల్ లేని రేజరుదే పైచేయి.

ఆ కొలతలేమిటో కంటితో చూడొచ్చు. బ్లేడు బిగించిన రేజరుని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని, తల పొట్టి అంచు వైపు నుంచి చూడండి. పైన వంపు తిరిగిన మూత, దాని కింద సన్నటి గీతలా బ్లేడు, ఆ కింద చర్మానికి ఆనే కడ్డీ కనిపిస్తాయి. బ్లేడు అంచుకీ కడ్డీకీ మధ్య వెలుతురు తొంగిచూసే సందు గ్యాప్. ఇప్పుడు మూత అంచునీ కడ్డీ అంచునీ కలుపుతూ ఒక గీత ఊహించుకోండి. గీసేటప్పుడు చర్మం ఆనేది ఆ గీత మీదే. బ్లేడు అంచు ఆ గీత దాటి ఎంత బయటికి వచ్చిందన్నది ఎక్స్‌పోజర్. చర్మానికి ముందు తెలిసేది గ్యాప్ కాదు, ఇదే. గ్యాప్ పెద్దదైనా ఎక్స్‌పోజర్ తక్కువుంటే రేజరు మెత్తగానే నడుస్తుంది. గ్యాప్ చిన్నదైనా అంచు పొడుచుకొస్తే గాట్లు పెడుతుంది. అమ్మేవాళ్ళు ఎక్కువగా గ్యాప్ అంకె ఒక్కటే రాస్తారు, కొనేవాళ్ళు దాన్నే పట్టుకుని పోల్చుకుంటారు.

డయల్‌తో మారేవి ఈ రెండే. మూడోది బ్లేడు బిర్రు. డబుల్ ఎడ్జ్ బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు, వేళ్ళ మధ్య అట్టముక్కలా వంగుతుంది. మూతకీ కింది ప్లేటుకీ మధ్య వంచి నొక్కితే గానీ దానికి నిలకడ రాదు. నొక్కుడు అంచుకి ఎంత దగ్గరగా పడితే అంత మంచిది. దూరంగా పడితే, చుబుకం మీది గట్టి వెంట్రుక తగిలినప్పుడల్లా అంచు అదురుతుంది. అంచు జారకుండా వెంట్రుకని పట్టి పట్టి వదులుతున్నట్టు ఉంటుంది. చాలామంది దాన్ని బ్లేడు మొద్దుతనం అనుకుని కొత్తది మారుస్తారు, అయినా పోదు.

డయల్ రేజర్లు పనిచేసే తీరు ప్రధానంగా రెండు రకాలు. పాత జిల్లెట్ పద్ధతిలో బ్లేడు ఉన్నచోటే ఉంటుంది, తల కింది ఉంగరం తిప్పితే కడ్డీ కిందికి దిగుతుంది, పైకి లేస్తుంది. ఫ్యాట్‌బాయ్ అని పేరుపడ్డ 1958 నాటి రేజరూ, దాని తర్వాత వచ్చిన స్లిమ్ అడ్జస్టబులూ ఈ తరహావే. రెండింటికీ 1 నుంచి 9 దాకా అంకెలుంటాయి. జర్మనీలోని జోలింగెన్ నుంచి వచ్చే మెర్కూర్ ప్రోగ్రెస్‌లో అటుదిటు: కడ్డీ కదలదు, పిడి అడుగున ఉన్న గుండీ తిప్పితే మూత లేస్తుంది, లోపలి స్ప్రింగు బ్లేడుని మూతకి ఆనించి ఉంచుతుంది. ఇందులో అంకె పెరిగేకొద్దీ బ్లేడు అంచు కింద ఆసరా తగ్గుతుంది. చిన్న అంకెల్లో ఇది తెలియదు. ప్రోగ్రెస్‌ని 4 దాటిస్తే తెలుస్తుంది.

ఒక రేజరు మీది 3కీ మరో రేజరు మీది 3కీ చుట్టరికం లేదు. ప్రోగ్రెస్‌లో 1 నుంచి 5, మెర్కూర్‌దే మరో డయల్ రేజరు ఫ్యూచర్‌లో 1 నుంచి 6, ఫ్యాట్‌బాయ్‌లో 9 దాకా. ఫ్యూచర్‌లో 1 పెట్టినా కొందరికి మామూలు మెత్తని రేజరు కంటే కరుకుగానే తగులుతుంది. ‘1 అంటే అతి మెత్తన’ అన్న భరోసాతో కొత్తవాళ్ళు మొదటే ఫ్యూచర్ పట్టడం నాకు సరైన ఎంపిక అనిపించదు. దాని బరువు కూడా వంద గ్రాములు దాటుతుంది. చేయి తేలిక కాకముందే అంత బరువు మెడ మీద పెడితే, నొక్కవద్దని ఎంత చెప్పినా అదే నొక్కుతుంది.

మరి డయల్ ఎవరికి? గడ్డం రోజూ గీయని వాళ్ళకి. ఈ మాట గట్టిగా చెప్పొచ్చు. నాలుగు రోజుల గడ్డానికి చిన్న గ్యాప్ రేజరు పెడితే వెంట్రుకలూ నురగా కలిసి సందులో ముద్ద కడతాయి. రెండు గీతలకోసారి కుళాయి కింద కడగాలి. అక్కడ పెద్ద గ్యాప్ నిజంగా పనికొస్తుంది. ప్రోగ్రెస్ లాంటి దానిలో మొదటి విడత, వెంట్రుక వాలు వెంట, 4 మీద గీయండి. రెండో విడత, వాలుకి అడ్డంగా, 3 మీద. మూడోది, వాలుకి ఎదురుగా, 2 మీద లేదా అంతకంటే తక్కువ. మొదట్లో పొడుగు వెంట్రుక బ్లేడుకీ చర్మానికీ మధ్య కొంత అడ్డుంటుంది. మూడో విడతకి ఆ అడ్డు పోయి చర్మం సున్నితంగా ఉంటుంది. అందుకే అంకె దిగుతూ రావాలి. కొందరు నునుపు కోసం చివర్లో పెంచుతారు. మెడ మీద ఎర్రటి చుక్కలు లేచేది అప్పుడే.

రోజూ గీసేవాళ్ళ సంగతి వేరు. మొదటి నెల డయల్‌తో ఆడుకుంటారు, రెండో నెలకి ఒక అంకె దగ్గర ఆగిపోతారు, ఆ తర్వాత దాన్ని ముట్టుకోరు. ఇలాంటివాళ్ళు వాడుతున్నది నిజానికి మామూలు రేజరే. కాకపోతే లోపల స్ప్రింగులూ సందులూ ఎక్కువ, బ్లేడు పట్టు తక్కువ.

మామూలు రేజర్లలో మెర్కూర్ 34సీ, మ్యూలే ఆర్89, ఎడ్విన్ జాగర్ డీఈ89 ఒక కోవ. చివరి రెండింటి తల ఒకటే, పిడి తేడా. మెత్తనా కాదు, దూకుడూ కాదు. మొదటి రేజరుగా ఏది కొన్నా నష్టం లేదు. తడి చేతికి 34సీ పొట్టి పిడి మీద బాగా పట్టు దొరుకుతుంది, వేళ్ళు పొడుగున్నవాళ్ళు మాత్రం మిగతా రెండూ చూడాలి. మ్యూలే ఆర్41 ఇదే కుటుంబమైనా కింద కడ్డీకి బదులు దువ్వెన పళ్ళుంటాయి, దూకుడెక్కువ. చేయి కుదిరాక తప్ప దాని జోలికి పోవద్దు.

డయల్ లేని రేజరుకి ఒక డయల్ ఉంది, అది మణికట్టు. మూత చెంపకి ఆనించి, పిడిని ముఖానికి దూరంగా ఎత్తి పట్టుకుంటే బ్లేడు వాలుగా తగులుతుంది, మెత్తగా తెగుతుంది. పిడి దించుతూ పోతే కడ్డీ ఆనుతుంది, బ్లేడు నిక్కి గీకుతుంది. చర్మానికీ బ్లేడుకీ మధ్య దాదాపు 30 డిగ్రీలు ఉండేలా చూసుకోవాలంటారు. కొలవనక్కర్లేదు. పిడిని ముఖానికి నిలువుగా పెట్టి మొదలుపెట్టి, వెంట్రుక తెగే చప్పుడు వినిపించేదాకా నెమ్మదిగా దించండి, అక్కడ ఆపండి. ఈ విద్య పట్టుబడితే 34సీతోనే రెండు మూడు అంకెల తేడా రాబట్టొచ్చు.

నడిమి దారి ఒకటుంది, నా ఓటు దానికే. రాక్‌వెల్ 6ఎస్, 6సీల్లో డయల్ ఉండదు, మూడు ప్లేట్లుంటాయి. ఒక్కో ప్లేటుకి రెండు వైపులా వేర్వేరు గ్యాప్, అంటే ఆరు కొలతలు. గ్యాప్ 0.20 మిల్లీమీటరు దగ్గర మొదలై 0.79 దాకా పోతుంది. ప్లేటు మార్చాక అది మామూలు రేజరే, బ్లేడు పట్టు అన్నిటికీ ఒకేలా బిర్రుగా ఉంటుంది. గీస్తూ గీస్తూ మధ్యలో మార్చడం కుదరదన్నదే లోటు. నురగ చేతులతో మర విప్పి బ్లేడు తీసి ప్లేటు తిప్పడం ఎవరి వల్లా కాదు. 6ఎస్ స్టెయిన్‌లెస్ స్టీలు, 6సీ జింకు మిశ్రమం మీద పూత. తల ఆకృతి ఒకటే కాబట్టి గీత నాణ్యతలో తేడా ఆశించకండి. తేడా మన్నికలో.

డయల్ రేజరే తీసుకున్నారనుకోండి. అంకె కుదుర్చుకునేటప్పుడు మిగతావేవీ మార్చవద్దు. అదే సబ్బు, అదే బ్రష్, ఒకే రకం బ్లేడు, ఒక వారం. 5 దాకా ఉన్న రేజరులో 2తో, 9 దాకా ఉన్నదానిలో 3తో మొదలుపెట్టండి. రెండుసార్లు గీశాకే ఒక మెట్టు కదపండి. ముఖం చెప్పేది వినాలి. సూది మొనంత రక్తపు చుక్కలు గుంపుగా లేస్తే అంకె ఎక్కువైంది, లేదా నొక్కుతున్నారు. రక్తం లేకుండా ఎర్రబడి మండితే అంకె తక్కువై, ఒకేచోట పదిసార్లు గీశారన్నమాట. అప్పుడు అంకె తగ్గించడం కాదు, పెంచాలి. ఇక్కడే ఎక్కువమంది పొరపడేది. గీతలా పొడుగ్గా తెగితే డయల్‌కి సంబంధం లేదు, రేజరు పక్కకి జారింది. వెంట్రుక లాగినట్టుంటే బ్లేడు అరిగింది, లేదా గడ్డం సరిగ్గా నానలేదు. వేడినీళ్ళతో రెండు నిమిషాలు తడిపి, నురగ పట్టించి ఇంకో నిమిషం ఆగి చూడండి. గీశాక తడి ముఖం మీద పటిక రాయి తిప్పితే ఎక్కడ చురుక్కుమంటే అక్కడ ఎక్కువ గీశారని తెలిసిపోతుంది.

బ్లేడు మార్చితే వచ్చే తేడా చాలాసార్లు డయల్ రెండు మెట్లు తిప్పినదానికంటే ఎక్కువ. ఫెదర్ బ్లేడు అతి పదును. మెత్తని రేజరుకి బాగా కుదురుతుంది, పెద్ద అంకె మీద పెడితే చిన్న తప్పుకీ గాటు పెడుతుంది. ఆస్ట్రా ప్లాటినం లాంటివి కొంచెం నెమ్మది. అంకె కుదిరాక బ్లేడు రకం మార్చితే అంకె మళ్ళీ మొదటినుంచి కుదుర్చుకోవాలి.

ఇక పాడయ్యే తీరు. డయల్ కింది సందుల్లో సబ్బు మడ్డి, నీళ్ళ సున్నం పేరుకుని డయల్ పట్టేస్తుంది. పట్టకారుతో తిప్పొద్దు, పూత లేచిపోతుంది, లోపలి పన్ను విరుగుతుంది. గిన్నెలు తోమే ద్రవం చుక్క వేసిన గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, డయల్‌ని ఇటూ అటూ కొంచెం కొంచెంగా కదపండి. సున్నం వదలకపోతే వెనిగర్‌లో సగం నీళ్ళు కలిపి కొద్ది నిమిషాలే ఉంచి బాగా కడగండి. పూత ఎక్కడైనా లేచి జింకు బయటపడి ఉంటే వెనిగర్ అసలే వద్దు. సీతాకోకచిలుక రెక్కల్లా తలుపులు తెరుచుకునే రకంలో డయల్ తిప్పేముందు అడుగు గుండీని అర చుట్టు వదులు చేసి, తిప్పాక మళ్ళీ బిగించడం అలవాటు చేసుకోండి. తలుపులు బిర్రుగా ఉండగా తిప్పితే లోపలి భాగాలు అరుగుతాయి.

ప్రోగ్రెస్ మూత రెండు వైపులా ఒకేలా ఉండదు. మూత మీది గుర్తు, తల మీది గుర్తు ఒకే వైపు రావాలి. తిరగేసి బిగిస్తే ఒక వైపు మెత్తగా, రెండో వైపు కరుకుగా గీసి, లోపం రేజరుదన్నట్టు కనిపిస్తుంది. ఫ్యూచర్ మూత మర కాదు, స్ప్రింగుతో టక్కున పట్టుకునేది. లాగేటప్పుడు పొట్టి అంచులు పట్టుకోవాలి. సబ్బు చేతులతో పొడుగు అంచులు పట్టుకుంటే వేళ్ళు తెగుతాయి. చేతులు తుడుచుకుని తీయండి. మామూలు రేజరులో పోయేది ఒక్కటే చోటు: జింకు మిశ్రమపు మూత మధ్యలో ఉండే మర కాడ. అతిగా బిగించినా, గచ్చు మీద పడినా అక్కడే విరుగుతుంది. రెండు వేళ్ళ బలం చాలు.

పాత ఫ్యాట్‌బాయ్ కొనేవాళ్ళు తల కింది వైపు చెక్కిన అక్షరం, అంకె చూడాలి. అక్షరం ఏడాది, అంకె త్రైమాసికం: ఇ-1 అంటే 1959 మొదటి మూడు నెలలు. వయసుకంటే ముఖ్యం కడ్డీ వంగకపోవడం. బ్లేడు పెట్టి 1 మీద, 9 మీద రెండు వైపులా సందు చూడండి. ఒక వైపు ఎక్కువుంటే, ముందు బ్లేడు వదులు చేసి సర్ది మళ్ళీ బిగించండి. అప్పటికీ అలాగే ఉంటే వదిలేయండి.

రెండు నెలలుగా డయల్ ఒకే అంకె మీద ఉండిపోయి, దానికి తగ్గ మామూలు రేజరు వెతుక్కోవాలనుకుంటే ఆ అంకె గ్యాప్ కొలుచుకోవచ్చు. మెకానిక్కులు వాడే ఫీలర్ గేజి, అంటే వేర్వేరు మందాల ఉక్కు రేకుల కట్ట, చాలు. 0.5 మిల్లీమీటరు రేకుతో మొదలుపెట్టి, కడ్డీకీ బ్లేడుకీ మధ్య బ్లేడుని వంచకుండా దూరే మందపాటి రేకు దొరికేదాకా 0.05 చొప్పున పెంచుతూ పోండి. రెండు వైపులా కొలవండి. ఎక్స్‌పోజర్ ఇందులో తేలదు కాబట్టి ఈ అంకె దగ్గరి చుట్టమే, అచ్చు కాదు. కొలతకి అరిగిన బ్లేడు వాడండి. ఉక్కు రేకు తగిలిన అంచు పదును చెడుతుంది, కొలిచాక ఆ బ్లేడు ముఖానికి పనికిరాదు.