అద్దె పడవను మనమే నడిపేటప్పుడు: బ్రాడ్స్, మిడి కాలువ, షానన్ నది

ఇంగ్లండులోని నార్ఫోక్ బ్రాడ్స్ అనే సరస్సులూ నదులూ, దక్షిణ ఫ్రాన్సులోని మిడి కాలువ, ఐర్లండులోని షానన్ నది: ఈ మూడు చోట్లా అంతకుముందు ఎన్నడూ చుక్కాని పట్టని కుటుంబానికి సైతం పడకలూ వంటగదీ ఉన్న పడవను అద్దెకిచ్చి, తాళం చేతిలో పెట్టి పంపిస్తారు. లైసెన్సు అడగరు. ఫ్రాన్సులో మాత్రం అద్దె సంస్థే నడిపే పద్ధతి వివరించి, ఆ ప్రయాణానికి సరిపడే తాత్కాలిక కార్డు రాసి ఇస్తుంది. ఈ మూడింటి అందాల గురించి రాసినవారు చాలామంది ఉన్నారు. పడవ నడిపే మనిషిని ఏ నీరు ఏ విధంగా పరీక్షిస్తుంది, ఆ పరీక్షకు అక్కడి ఏర్పాట్లు అతన్ని ఎంతవరకు సిద్ధం చేస్తాయి అన్న కొలతతో వీటిని పోల్చడం నా ఉద్దేశం. కుటుంబంతో వెళ్లేవారికి అన్నిటికంటే ముందు తెలియవలసింది ఇదే అని నా అభిప్రాయం.

పడవను అప్పగించే సమయంలో సంస్థవారు మనకు ఇచ్చే శిక్షణను బట్టే మిగిలిన ప్రయాణమంతా నడుస్తుంది. బ్రాడ్స్‌లో మేము పడవ తీసుకున్న చోట ఒక ఉద్యోగి మొదట గ్యాసు వాల్వు, ఇంధనం మీట, పడవ అడుగున చేరిన నీటిని తోడే పంపు, మంటలార్పే సిలిండరు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించి, ఆ తరువాత మాతోపాటు పడవెక్కి నదిలోకి తీసుకువెళ్లాడు. పెద్దవాళ్లలో ప్రతి ఒక్కరి చేతా పడవను నడిపించి, ఆపించి, వెనక్కి నడిపించి, గట్టుకు కట్టించిన తరువాతే దిగిపోయాడు. లైఫ్ జాకెట్లను కూడా కుప్పగా ఇవ్వకుండా, మనిషి మనిషికీ తొడిగించి, పిల్లలకు బరువును బట్టి ఎంచి, తొడల మధ్యగా వచ్చే పట్టీని బిగించి చూపాడు. ఆ పట్టీ లేకపోతే నీటిలో పడినప్పుడు జాకెట్టు పైకి జారి ముఖాన్ని కప్పేస్తుంది. దానంతటది ఉబ్బే రకం జాకెట్టయితే లోపలి గ్యాసు సిలిండరు గట్టిగా బిగించి ఉందో లేదో రోజూ చేత్తో తడిమి చూడాలని కూడా అతనే చెప్పాడు.

ఫ్రాన్సులో ఒక చోట ఇందుకు పూర్తిగా భిన్నమైన అనుభవం ఎదురైంది. శనివారం మధ్యాహ్నం ఒకేసారి అనేక కుటుంబాలు దిగడంతో, అక్కడున్న ఒక్క ఉద్యోగి అందరికీ కాగితాల ఫైలు ఇచ్చి, పడవను గట్టునే ఉంచి మీటలు చూపించి ముగించబోయాడు. నీటి మీద నడిపి చూపమని మర్యాదగానే, అయితే గట్టిగా అడిగిన మీదట, అందరినీ పంపించాక మాతో వచ్చి మొదటి లాకు (రెండు జతల తలుపుల మధ్య నీటిని పెంచి, తగ్గించి పడవను ఎక్కించే, దించే గది) దాటించాడు. అలా అడగడం మన హక్కు. ఆలస్యమైనా సరే, అది జరగకుండా తాళం తీసుకోవద్దని నా మనవి.

దీనిని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. 2020 ఆగస్టులో బ్రాడ్స్‌లోని గ్రేట్ యార్మత్ రేవులో, అద్దె పడవ గట్టుకు చేరుతున్న సమయంలో ఒక ప్రయాణికురాలు నీటిలో పడి, ప్రొపెల్లరు తగిలి మరణించింది. అందరూ ప్రమాదకరమని భావించే నడిసరస్సులో కంటే, ఇక చేరిపోయామనుకునే గట్టు దగ్గరే మనుషులు అటూ ఇటూ లేచి నడుస్తారు, తాళ్లు పట్టుకుని అంచున నిలబడతారు, దూకడానికి సిద్ధపడతారు. గట్టుకు చేరే ముందే ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పుకోవడం, పడవ ఆగిన తరువాతే దిగడం, గట్టుకూ పడవకూ మధ్య చెయ్యిగానీ కాలుగానీ పెట్టకపోవడం, ఎవరైనా నీటిలో పడితే వెంటనే గేరు తీసి ప్రొపెల్లరును ఆపివేయడం ఏ నీటికైనా వర్తించే నియమాలు.

ఇక బ్రాడ్స్ విషయానికి వస్తే, ఇవి సహజ సరస్సులు కావు. మధ్యయుగంలో ఇంధనం కోసం పీటు మట్టిని (కుళ్లిన మొక్కలతో ఏర్పడి, ఎండితే మండే మట్టిని) తవ్వగా ఏర్పడిన గుంటలు తరువాత నీటితో నిండాయని 1950లలో జాయిస్ లాంబర్ట్ పరిశోధన నిరూపించింది. బ్యూర్, ఆంట్, థర్న్, యేర్, వేవ్నీ నదులను కలుపుకుని ఈ జలమార్గం సుమారు 200 కిలోమీటర్లు ఉంటుంది, ఎక్కడా లాకులు లేవు. కొత్తవారికి ఇది పెద్ద సౌకర్యం. వేగ పరిమితి చోటును బట్టి గంటకు 3 నుంచి 6 మైళ్లు, బోర్డులు గట్టు మీద స్పష్టంగా కనిపిస్తాయి. ఈ పరిమితి మనకోసమే పెట్టింది కాదు. పడవ లేపే అలలు రెల్లు గట్లను కోసేస్తాయి, ఒడ్డున కట్టిన పడవలో పొయ్యి దగ్గర నిలబడిన మనిషిని పడదోస్తాయి. కుడివైపుగా నడపాలి, తెరచాప పడవలకు దారివ్వాలి. గాలికి ఎదురుగా వెళ్లే తెరచాప పడవ ఒక గట్టు నుంచి మరో గట్టుకు వంకరగా సాగుతుంది కాబట్టి, వేగం తగ్గించి, అది మలుపు తీసుకున్నాక దాని వెనుకగా దాటడం మేలు.

పడవకు బ్రేకు ఉండదన్న సంగతి ఇక్కడే బాగా వంటపడుతుంది. ప్రొపెల్లరు నీటిని చుక్కాని మీదికి నెట్టినప్పుడే పడవ మాట వింటుంది. భయపడి గేరు తీసేస్తే వేగంతోపాటు అదుపు కూడా పోతుంది. చుక్కాని చక్రం తిప్పినప్పుడు ముక్కు ఒకవైపు తిరిగితే వెనుకభాగం రెండోవైపుకు ఊగుతుంది, కాబట్టి కట్టి ఉన్న పడవల పక్కనుంచి బయలుదేరేటప్పుడు వెనక్కి చూడకుండా చక్రం తిప్పకూడదు. గట్టుకు చేరేటప్పుడు ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా రావాలి. అప్పుడు నీరే పడవ వేగాన్ని అణుస్తుంది, చుక్కాని మీదుగా నీరు పారుతూ ఉండడం వల్ల అదుపూ మిగులుతుంది. ప్రవాహంతోపాటు వస్తే ఈ రెండూ ఉండవు. గాలి ఒకవైపు, ప్రవాహం మరోవైపు లాగుతుంటే, ఏది బలమైనదో చూసుకుని దానికి ఎదురుగా రావాలి. వెళ్లే దిశ వేరైతే, నది వెడల్పుగా ఉన్న చోటు దాకా పోయి తిరిగి రావడం వల్ల పోయేది కొద్ది నిమిషాలే.

బ్రాడ్స్‌లో అసలు పరీక్ష గ్రేట్ యార్మత్ దగ్గర ఉంది. ఉత్తరపు నదుల నుంచి దక్షిణపు నదులకు వెళ్లాలంటే బ్యూర్ నది చివరి భాగం గుండా, తక్కువ ఎత్తున్న వంతెనల కింద నుంచి, బ్రేడన్ వాటర్ అనే వెడల్పాటి ఆటుపోట్ల నీటిని దాటాలి. నీరు సముద్రంలోకి తీసే ఆటు సమయంలో ఇక్కడి ప్రవాహం చిన్న ఇంజను పడవను లాక్కుపోగలదు, పోటు సమయంలో వంతెన కింద ఎత్తు చాలదు. అందువల్ల అక్కడ నీరు పూర్తిగా తగ్గిన తరువాత సుమారు గంటకు, ప్రవాహం నిలిచిపోయే నిలకడ సమయాన్ని లెక్కవేసుకుని, ఆ గడువుకు చేరేలా బయలుదేరాలి. బ్యూర్ ఒడ్డునున్న స్ట్రేసీ ఆర్మ్స్ రేవు దాటాక యార్మత్ వరకు ఆగడానికి సరైన రేవు లేదు కాబట్టి, తొందరగా బయలుదేరినవారు మధ్యలో కాచుకుని ఉందామంటే కుదరదు. వంతెనల దగ్గరి కొలత పలకలు అప్పటికి ఉన్న ఎత్తును చూపిస్తాయి, మన పడవ ఎత్తు చక్రం దగ్గర రాసి ఉంటుంది. రెండూ చూసుకుని, పైకప్పు మడిచి, అందరూ లోపల కూర్చున్న తరువాతే ముందుకు సాగాలి. బ్యూర్ ముఖద్వారంలోని పసుపు స్తంభాన్ని చుట్టి బ్రేడన్‌లోకి తిరిగాక ఎరుపు, ఆకుపచ్చ స్తంభాల నడుమనే నడపాలి. వాటి బయట కనిపించే నీరు బురద మేటల మీది పలుచని పొర మాత్రమే. నీరు తీస్తున్నప్పుడు అక్కడ దిగబడితే మళ్లీ పోటు వచ్చేదాకా కదలడం కష్టం.

ఇక్కడి సేవలను మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. యార్మత్ పడవల రేవులో ఈ జలమార్గాన్ని నిర్వహించే బ్రాడ్స్ అథారిటీ రేంజర్లు ఫోనులోనే దాటవలసిన సమయం చెబుతారు, చేరినప్పుడు తాడు అందుకుంటారు. పాటర్ హైయమ్‌లోని మధ్యయుగపు వంతెన కమాను ఎత్తు సుమారు 2 మీటర్లే. అద్దె పడవలను అక్కడ పైలటు (స్థానికంగా పడవలు దాటించే నిపుణుడు) మాత్రమే దాటిస్తాడు, నీటిమట్టం ఎక్కువగా ఉంటే ఆయన కూడా వద్దంటాడు. అటువంటప్పుడు వాదించకుండా వెనక్కి తిరగడమే సరైనది. మొదటిసారి వెళ్లేవారు ఉత్తరపు నదులలోనే తిరిగి, బ్రేడన్ జోలికి పోకపోయినా కోల్పోయేదేమీ లేదు.

మిడి కాలువలో ఆటుపోట్లు లేవు, చెప్పుకోదగ్గ ప్రవాహం లేదు, వేగ పరిమితి గంటకు 8 కిలోమీటర్లు. పియర్-పాల్ రికే ఆధ్వర్యంలో 1666లో మొదలై 1681లో పూర్తయిన ఈ 240 కిలోమీటర్ల కాలువ 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నీరు ఎంత నెమ్మదైనదో, లాకులు అంత శ్రద్ధ కోరతాయి. రికే వీటి గోడలను మట్టి ఒత్తిడికి తట్టుకునేలా అండాకారంలో కట్టించాడు కాబట్టి, తిన్నని పడవ వంగిన గోడకు పూర్తిగా ఆనదు. ఎగువకు వెళ్లేటప్పుడు పైతలుపుల నుంచి నీరు దూకినప్పుడు పడవ ముక్కు పక్కకు కొట్టుకుపోతుంది. తాడును గట్టు మీది గుంజ చుట్టూ తిప్పి, రెండో కొసను చేతిలో ఉంచుకుని, పడవ లేచేకొద్దీ లాగుతూ ఉండాలి. దిగువకు వెళ్లేటప్పుడు అదే తాడును కొద్దికొద్దిగా వదలాలి. ముడి వేసి వదిలేస్తే నీరు దిగుతుంటే పడవ ఆ తాడుకు వేలాడి ఒరిగిపోతుంది. పైతలుపుల కింద నీళ్లలో మునిగి ఉండే రాతి గడప మీద వెనుకభాగం కూర్చోకుండా పడవను ముందుకు జరిపి ఉంచడం కూడా దిగేటప్పుడే గుర్తుంచుకోవాలి. తాడును చేతికి చుట్టుకోవడం ఎన్నడూ పనికిరాదు.

అందుకే ఈ కాలువకు ఇద్దరే వెళ్లడం కంటే, తాళ్లు పట్టగల పెద్దవారు కనీసం ముగ్గురు ఉండడం మంచిది. బేజియే దగ్గర ఫోన్సెరాన్ లాకుల వరుస చూడడానికి జనం గుంపులుగా వస్తారు. పడవలో ఉన్నవారు మాత్రం లాకు సిబ్బంది సైగల మీదనే దృష్టి ఉంచాలి. 2006 నుంచి ఒక శిలీంధ్ర వ్యాధి ఇక్కడి గట్ల మీద నీడనిచ్చే ప్లేన్ చెట్లను వేల సంఖ్యలో బలిగొంది. నీడ పోయిన చోట్ల వేసవిలో ఎండ తీవ్రంగా ఉంటుంది, చక్రం దగ్గర ఉన్నవారిని తరచూ మార్చాలి. మిగిలిన చెట్లకు పడవ కట్టడం నిషేధం. పడవలో ఇచ్చే ఇనుప మేకులను గట్టున దిగగొట్టి, తాళ్లు నడకదారికి అడ్డం రాకుండా కట్టుకోవాలి.

షానన్ నదిలో లాకులు తక్కువ, చాలావాటిని సిబ్బందే నడుపుతారు. నదీభాగం ప్రశాంతమే. కానీ ఆ నది లాఖ్ రీ, లాఖ్ డర్గ్ అనే రెండు పెద్ద సరస్సుల గుండా సాగుతుంది, అక్కడ గాలిదే రాజ్యం. లోతు తక్కువైన సరస్సులో అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి లేస్తాయి. వాటికి అడ్డంగా తిరిగిన పడవ విపరీతంగా ఊగి లోపలి సామానంతా కింద పడుతుంది. గాలి తీవ్రతను అంకెల్లో చెప్పే బోఫర్ట్ కొలమానంలో గాలి 4కు చేరితే సరస్సు దాటవద్దనీ, దాటేటప్పుడు ఒంటరిగా కాక మరో పడవతో కలిసి వెళ్లమనీ అద్దె సంస్థలు చెబుతాయి. ఆ 4 అంటే గంటకు సుమారు 20 నుంచి 28 కిలోమీటర్ల గాలి, అలల తలల మీద తెల్లని నురగలు ధారాళంగా కనిపించే స్థితి. ఆ నురగ రేవు నుంచే కనిపిస్తే ఆ పూట అక్కడే ఉండిపోవాలి. దారి చూపే గుర్తులను ఒక్కటొక్కటిగా పటంలో సరిచూసుకుంటూ పోవాలి, ఎందుకంటే వాటి మధ్య దగ్గరదారి తీస్తే రాళ్లున్నాయి. లాఖ్ డర్గ్ మీద 2004 నుంచి, లాఖ్ రీ మీద 2012 నుంచి ఆర్‌ఎన్‌ఎల్‌ఐ అనే స్వచ్ఛంద రక్షణ సంస్థ పడవలు ఉన్నాయి. ఆపదలో 112కు ఫోను చేయవచ్చు. అయితే నీటి మీద నుంచి మాట్లాడేవారికి తామెక్కడున్నారో చెప్పడమే కష్టమవుతుంది కాబట్టి, దాటిన చివరి గుర్తు సంఖ్యను ఎవరో ఒకరు రాసుకుంటూ ఉండాలి.

బస విషయంలో మూడింటికీ తేడా ఉంది. బ్రాడ్స్‌లో 24 గంటల ఉచిత రేవులు చాలా ఉన్నాయి, కానీ పోటూ తీతా ఉండడం వల్ల తాళ్లకు కొంత వదులు ఇవ్వాలి. షానన్ రేవులు దృఢంగా, విశాలంగా ఉంటాయి, సాయంత్రం చేరితే చోటు దొరకదన్న ఆందోళన మాకు కలగలేదు. నిద్రకు అన్నిటికంటే నెమ్మది మిడి కాలువ. ఎక్కడ నిద్రించినా, చలికి వంట పొయ్యిని హీటరులా వాడకూడదు, పక్క పడవ ఇంజను నడుస్తుంటే మన కిటికీలు దానివైపు తెరవకూడదు. వాటి నుంచి వెలువడే విషవాయువు కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. పడక గదిలోని అలారం మీట నొక్కి, అది మోగుతుందో లేదో పడవ తీసుకునేటప్పుడే చూసుకోవాలి.

పిల్లలతో మొదటిసారి వెళ్లేవారికి ఉత్తర బ్రాడ్స్‌ను, తాళ్లు పట్టే మనుషులున్న బృందానికి మిడి కాలువను, ఇంతకుముందు పడవ నడిపి, గాలి పెరిగితే రెండు రోజులైనా రేవులో ఆగగల తీరిక ఉన్నవారికి షానన్‌ను సిఫారసు చేస్తాను. మిడి కాలువను చలికాలంలో మరమ్మతుల కోసం మూసివేస్తారు. మూడు చోట్లా శనివారం రద్దీ ఎక్కువ కాబట్టి, వీలున్న సంస్థలో వారం మధ్యలో మొదలయ్యే అద్దె అడగండి. బుక్ చేసే ముందే, శిక్షణ నీటి మీద ఇస్తారా, ఎంతసేపు ఇస్తారు, పిల్లల కొలతల లైఫ్ జాకెట్లు ఉన్నాయా, సాయంత్రం ఆలస్యంగా చేరితే తాళం మరునాడు ఉదయం తీసుకోవచ్చా అన్న ప్రశ్నలకు రాతపూర్వకంగా సమాధానం తెప్పించుకోండి.