ఫాఫ్సా, ఫీజు మాఫీ, మా కాలేజీ ఎయిడ్ ఆఫీసు: ఏడాది వాడాక నా రివ్యూ

ఫాఫ్సా అంటే అమెరికాలో కాలేజీ చదువుకి ప్రభుత్వ సాయం (ఎయిడ్) కోసం పెట్టుకునే ఫారం. దానికి ఐదుకి నాలుగు. మా కాలేజీ పోర్టల్‌కి ఒకటి. ఎయిడ్ ఆఫీసు కౌంటర్‌లో కూర్చునే అమ్మాయికి ఐదుకి ఐదు, ఇంకా పైన ఉంటే అదీ ఇస్తాను.

ముందు నా సంగతి చెప్పాలి. నాకు 42 ఏళ్లు. మాది తణుకు దగ్గర పల్లెటూరు. ఇంటర్ కాగానే పెళ్లి చేశారు. ప్రైవేటుగా కట్టిన బీకాం, పెద్దమ్మాయి కడుపున పడ్డాక రెండో సంవత్సరంలోనే ఆగిపోయింది. మా బావగారు ఎప్పుడో వేసిన ఫ్యామిలీ పిటిషన్ ఎన్నో ఏళ్లకు కదిలి, 2022లో గ్రీన్ కార్డులతో ఉత్తర కాలిఫోర్నియా వచ్చాం. మా ఆయన గ్యాస్ స్టేషన్‌లో షిఫ్టులు చేస్తారు. నేను డేకేర్‌లో అసిస్టెంట్‌ని. అమెరికాలో తెలుగువాళ్లంటే అందరూ సాఫ్ట్‌వేర్ ఇళ్లే అనుకుంటారు. మాలాంటి ఇళ్లూ చాలానే ఉన్నాయి. ఈ రివ్యూ వాళ్ల కోసం.

ఇక్కడ లైసెన్సున్న డేకేర్‌లో పూర్తి స్థాయి టీచర్‌గా చేరాలంటే ఎర్లీ చైల్డ్‌హుడ్ (చిన్నపిల్లల చదువు) కోర్సులు 12 యూనిట్లు (క్రెడిట్లు) ఉండాలి. కమ్యూనిటీ కాలేజీలో యూనిట్‌కి 46 డాలర్లు. చవకే కదా అంటారు. పుస్తకాలు, కారు పెట్రోలు, క్లాసు కోసం వదులుకున్న గంటల జీతం కలిపి చూస్తే మా ఇంటి బడ్జెట్‌కి అది చవక కాదు. అందుకే రెండేళ్లు ఆగాను. ఒకరకంగా ఆగడమే మంచిదైంది. రాష్ట్రంలో ఏడాదీ ఒక రోజూ ఉంటే గానీ రెసిడెంట్ ఫీజు వర్తించదు, అప్పటిదాకా ఫీజు ఎన్నో రెట్లు ఎక్కువ.

ఎయిడ్‌కి పెట్టుకుంటానంటే మావాళ్లలో ఒక్కరూ "పెట్టుకో" అనలేదు. "మనకెక్కడ వస్తుందిలే" అన్నవాళ్లు కొందరు. "ప్రభుత్వం డబ్బు తీసుకుంటే రేపు సిటిజన్‌షిప్‌కి అడ్డం" అని మా తోడికోడలు నిజంగానే భయపడింది. లైబ్రరీలో ఉచితంగా సలహా ఇచ్చే ఇమ్మిగ్రేషన్ లాయరు దగ్గర ఆ టెన్షన్ తీర్చుకున్నాను. పెల్ గ్రాంట్ అంటే ఆదాయం తక్కువున్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వం చదువుకి ఇచ్చే సాయం, దాన్ని పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వం మీద ఆధారపడి బతకడం) కింద లెక్కపెట్టరు అని చెప్పారు. ఇంకొకాయన వనభోజనాల్లో కలిసి, ఫారం నింపడానికి 150 డాలర్లు అవుతుందన్నారు. ఫాఫ్సాలో మొదటి అక్షరానికి అర్థమే ఫ్రీ. దానికి ఎవరికీ ఒక్క డాలరు ఇవ్వకండి.

ఫారం సంగతి. 2025-26 సంవత్సరానిది 2024 నవంబరు చివర్లో అందరికీ తెరిచారు. నేను సంక్రాంతి మర్నాడు కూర్చున్నాను. ముందుగా స్టూడెంట్ ఎయిడ్ వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరవాలి. సోషల్ సెక్యూరిటీ వాళ్ల రికార్డుతో పేరు, నంబరు సరిచూస్తారు కాబట్టి ఒకటి రెండు రోజులు చేతిలో పెట్టుకోండి. గ్రీన్ కార్డు మీద ఉండే ఏ-నంబర్ కూడా పక్కన ఉండాలి. మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే: హెచ్‌4 (ఉద్యోగి భార్య లేదా భర్త వీసా) మీద, ఎఫ్‌1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకు ఫాఫ్సా సాయం రాదు.

మన దగ్గరైతే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఇన్‌కమ్ సర్టిఫికెట్ పెట్టాలి కదా, ఇక్కడ ఆ కాగితం లేదు. "నా టాక్స్ వివరాలు తీసుకోవచ్చు" అని ఒక్కచోట ఒప్పుకుంటే ఐఆర్‌ఎస్ (ఇక్కడి ఆదాయపు పన్ను శాఖ) నుంచి అంకెలు వాటంతట అవే వచ్చేస్తాయి. రెండేళ్ల కిందటివి, అంటే 2023 ఆదాయం. మేమిద్దరం కలిపే టాక్స్ ఫైల్ చేస్తాం కాబట్టి మా ఆయన విడిగా అకౌంట్ తెరవాల్సిన పని పడలేదు. పెళ్లయినవాళ్లను ఇండిపెండెంట్ విద్యార్థులుగా చూస్తారు, అమ్మానాన్నల ఆదాయం అడగరు. మొత్తం నలభై నిమిషాల్లో అయిపోయింది.

నాకు పెద్ద దిగులు ఊళ్లో మా ఆయన వాటాకి వచ్చిన స్థలం గురించి. చూపించాలా వద్దా, చూపిస్తే సాయం పోతుందా అని రెండు రాత్రులు నిద్రపోలేదు. అసలు సంగతి ఏమిటంటే, మనం ఉంటున్న సొంత ఇల్లు లెక్కలోకి రాదు. ఇండియాలో ఉన్నా సరే, వేరే ఫ్లాటూ, స్థలమూ మాత్రం ఆస్తి కిందకే వస్తాయి, వాటిని దాచకూడదు. అయితే ఆదాయం 60 వేల డాలర్ల లోపు ఉండి, టాక్స్ ఫైలింగ్ మామూలుగా, అదనపు షెడ్యూళ్లు (జతచేసే ఫారాలు) లేకుండా ఉంటే ఆస్తుల్ని లెక్కలోకి తీసుకోరు. మాది ఆ లోపే కాబట్టి ఆ స్థలం నాకు అడ్డు కాలేదు. అబద్ధం చెప్పాల్సిన అవసరం రానందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, డిగ్రీ ప్రశ్న దగ్గర ఇంకాస్త విడమరచి చెప్పాల్సింది. మొదటి బ్యాచిలర్స్ డిగ్రీ పూర్తి చేసినవాళ్లకు పెల్ గ్రాంట్ రాదు. ఆ డిగ్రీ ఇండియాదైనా అంతే. మా క్లాసులో బీటెక్ చేసిన తెలుగమ్మాయి ఉంది, ఇద్దరు పిల్లలు, ఆదాయం మాకంటే తక్కువే. తనకు పెల్ రాలేదు, ఫీజు మాఫీ ఒక్కటే వచ్చింది. నాకు మాత్రం ఆగిపోయిన నా బీకాం వల్ల పెల్ వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఎవరైనా "ఏం చదివావు" అంటే మాట మార్చేదాన్ని.

ఫారం పంపాక ఎస్‌ఏఐ (స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్) అని, సాయం లెక్కకట్టే ఒక అంకె వస్తుంది. అది ఎంత తక్కువుంటే అంత సాయం, సున్నా కంటే కిందికి, మైనస్ 1500 దాకా కూడా పోవచ్చు. నా అంకె చూసి, పూర్తి పెల్‌కి అర్హత ఉందని స్క్రీన్ మీద చదివాను. ఆ ఏడాది పూర్తి పెల్ 7,395 డాలర్లు. మా ఆయనకి ఫోన్ చేస్తే షిఫ్టులో ఉండి ఎత్తలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు కాలేజీ పోర్టల్ దగ్గర ఆగిపోయాను.

పోర్టల్‌లో రోజూ ఒకటే మాట: "మీ ఫాఫ్సా మాకు అందలేదు." స్టూడెంట్ ఎయిడ్ సైట్‌లో చూస్తే "కాలేజీకి పంపాం" అని ఉంది. మెయిల్ పెడితే ఆటోమేటిక్ జవాబు. ఫోన్ చేస్తే యాభై నిమిషాల సంగీతం, తర్వాత కట్. మే నెల వచ్చేసింది, రిజిస్ట్రేషన్ మొదలైంది. ఒక మంగళవారం డేకేర్‌లో సెలవు చెప్పి, పొద్దున్నే తొమ్మిదింటికి నేరుగా ఆఫీసుకే వెళ్లాను.

కౌంటర్‌లో ఒక చిన్నపిల్ల, ఇరవై నాలుగో ఇరవై ఐదో ఉంటాయి. మెడలో కాలేజీ తాడు, పక్కన స్పానిష్‌లో రాసిన ఒక చిన్న బోర్డు. నా ఇంగ్లీషు తడబడుతుంటే తొందరపెట్టలేదు. ఐడీ అడిగి స్క్రీన్ నావైపు తిప్పింది. ఒక కిటికీలో ఫాఫ్సా, ఇంకో కిటికీలో కాలేజీ అప్లికేషన్. రెంటినీ పక్కపక్కన పెట్టి, పెన్ను మొనతో నా పేరు మీద మెల్లగా గీత గీసినట్టు చూపించింది.

నా పేరు నాగ వెంకట సత్యవతి. సోషల్ సెక్యూరిటీ కార్డులో మూడు ముక్కలూ ఫస్ట్ నేమ్‌లో, ఇంటిపేరు లాస్ట్ నేమ్‌లో ఉన్నాయి. ఫాఫ్సాలో అలాగే కొట్టాను. కాలేజీ అప్లికేషన్ మాత్రం మా పెద్దమ్మాయి తన ఫోన్‌లో నింపింది. ఫస్ట్ నేమ్ నాగ, మిడిల్ నేమ్ వెంకట, లాస్ట్ నేమ్ సత్యవతి. ఇంటిపేరు ఎక్కడా లేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు తప్పనిసరి కాదని ఉంటే ఆ గడి ఖాళీగా వదిలేశాం. వాళ్ల కంప్యూటర్ దృష్టిలో మేము ఇద్దరు వేర్వేరు మనుషులం. ఫాఫ్సా వచ్చి పడే ఉంది, దాన్ని కలుపుకోవడానికి మనిషి లేదు.

"ఇందులో మీరు ఎవరు?" అని అడిగింది. రెండూ నేనే అన్నాను. ఆ పిల్ల తలూపి, "మా అమ్మకి కూడా రెండు ఇంటిపేర్లు, ప్రతి ఆఫీసులో ఇదే గొడవ" అంది. పేరు మార్పు ఫారం తనే తెచ్చి, ఏ గడిలో ఏది రాయాలో పెన్సిల్‌తో చుక్కలు పెట్టింది. సత్యవతి చివర హెచ్ ఉందా లేదా అని రెండుసార్లు అడిగి మరీ సరిచూసుకుంది. పదకొండు రోజులకు పోర్టల్ మారింది. ఇదంతా పోర్టలే ఒక్క వాక్యంలో చెప్పి ఉండొచ్చు. "పేరు కలవడం లేదు, ఆఫీసుకి రండి" అని ఉంటే నాలుగు నెలలు మిగిలేవి. నేను అడగడానికి వెళ్లాను కాబట్టి సరిపోయింది, మనకు రాలేదులే అని ఊరుకున్నవాళ్లు ఎందరో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ వెంటనే వెరిఫికేషన్ పడింది. లేని మనుషుల పేర్లతో ఆన్‌లైన్ క్లాసుల్లో చేరి ఎయిడ్ డబ్బు కాజేయడం కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో పెద్ద సమస్య అయింది. అందుకని కొందరిని ఐడీతో స్వయంగా రమ్మంటున్నారు. అదే కౌంటర్, అదే అమ్మాయి. ఈ డబ్బు చదువుకే వాడతాను అన్న కాగితం మీద తన ఎదుటే సంతకం చేశాను. ఇందులో నాకు ఏ ఫిర్యాదూ లేదు. దొంగలు తీసుకుపోయేది మాలాంటివాళ్ల డబ్బే.

వచ్చింది ఎంతో చెప్తాను. కాలిఫోర్నియా కాలేజ్ ప్రామిస్ గ్రాంట్ అని రాష్ట్రం ఇచ్చే ఫీజు మాఫీ ఉంది. నేను తీసుకున్నది 9 యూనిట్లు, 414 డాలర్లు మొత్తం మాఫీ. హెల్త్ ఫీజు, పార్కింగ్ లాంటివి మాత్రం మనమే కట్టుకోవాలి. పెల్‌కి 12 యూనిట్లను పూర్తి లెక్క కింద తీసుకుంటారు, నాది తొమ్మిది కాబట్టి ముప్పాతిక వంతు. సెమిస్టర్‌కి 2,773 డాలర్లు. మా కాలేజీ దాన్ని రెండు విడతలుగా వేస్తుంది. క్యాల్ గ్రాంట్ అని రాష్ట్రం ఇచ్చే ఇంకో సాయం నాకు రాలేదు. మీరు మాత్రం మార్చి 2 లోపే ఫారం పంపండి, రాష్ట్రం ఇచ్చేవాటికి ఆ తేదీ ముఖ్యం. కమ్యూనిటీ కాలేజీ వాళ్లకు సెప్టెంబరు 2న ఇంకో అవకాశం ఉంటుంది.

మొదటి విడత సెప్టెంబరులో పడింది. డేకేర్‌లో నిద్ర వేళ, పిల్లలందరూ మంచాల మీద, నేను ఒక బాబు బూట్ల వెల్‌క్రో విప్పుతున్నాను. జేబులో ఫోన్ కదిలింది. 1,386 డాలర్లు. లైట్లు తీసేసిన గదిలో ఆ మెసేజ్ మూడుసార్లు చదివాను. మా నాన్నగారు నా ఇంటర్ ఫీజుకి గేదె దూడని అమ్మారు. ఈ సంగతి ఆయనతో చెప్పాలనిపించింది, ఆయన లేరు.

ఆ డబ్బుతో రెండు పుస్తకాలు, ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాను. మూడో క్లాసుకి పుస్తకం ఖర్చు లేదు, మాస్టారు పాఠాలు ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు. మిగతాది శనివారం షిఫ్టు మానుకోవడానికి సరిపోయింది, ఆ రోజు చదువుకుంటున్నాను. రసీదులు దాచుకోండి. ఫీజుకీ పుస్తకాలకీ వాడిన పెల్ మీద టాక్స్ ఉండదు, ఇంటి ఖర్చుకి వాడిన భాగాన్ని ఆదాయంగా చూపాలి.

అక్టోబరులో ఇంగ్లీషు కాంపోజిషన్ వదిలేద్దామనుకున్నాను. రెండు వ్యాసాలకి సీ గ్రేడు వచ్చింది. కౌంటర్ అమ్మాయి ఆపింది. సెమిస్టర్‌లో 60 శాతం గడవకముందే మొత్తం క్లాసులన్నీ వదిలేస్తే వచ్చిన డబ్బులో కొంత వెనక్కి కట్టాలట. ఒక్క క్లాసు వదిలినా, తీసుకున్న యూనిట్లలో 67 శాతం పూర్తి చేయాలన్న నియమం ముందు ముందు మెడకి చుట్టుకుంటుంది. సగటు గ్రేడు 2.0 కంటే తగ్గకూడదు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసిచ్చి, పక్క బిల్డింగ్‌లో ట్యూటరింగ్ సెంటర్ ఉచితమని చెప్పి దారి చూపించింది. ఆ క్లాసు బీతో గట్టెక్కాను. మా క్లాసులో ఇంకొకామె భర్తకి ఉద్యోగం పోతే, పాత ఆదాయం కాకుండా ఇప్పటి పరిస్థితిని లెక్కలోకి తీసుకోమని అడగొచ్చని చెప్పింది కూడా ఆ ఆఫీసువాళ్లే. అడిగితేనే చెప్తారు, కాబట్టి అడగండి.

వెళ్లేటప్పుడు సోషల్ సెక్యూరిటీ కార్డు, గ్రీన్ కార్డు, కాలేజీ ఐడీ నంబరు తీసుకెళ్లండి. సెమిస్టర్ మొదటి రెండు వారాలు లైను బయటిదాకా ఉంటుంది, వారం మధ్యలో పొద్దున వెళ్తే పది నిమిషాల్లో పిలుస్తారు.

2026-27 ఫారం కూడా పంపేశాను. ఈసారి పేరు మా పెద్దమ్మాయి పైకి చదువుతుంటే ఒక్కో అక్షరం నేనే కొట్టాను. ఫాల్ సెమిస్టర్‌కి 12 యూనిట్లు పెట్టుకున్నాను.