పేలుడులో గాయపడితే ఏది మేలు: ఈఎస్‌ఐ పెన్షనా, ఒకేసారి వచ్చే పరిహారమా, కోర్టు కేసా?

ఫ్యాక్టరీలో పేలుడు జరిగిందంటే సాయంత్రానికల్లా టీవీలో ఒక అంకె తిరుగుతుంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా కంపెనీలో సాల్వెంట్ ఆవిరి అంటుకుని 17 మంది చనిపోయినప్పుడు ఆ అంకె కోటి రూపాయలు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచీ ఫ్యాక్టరీలో 50 మందికి పైగా బలైనప్పుడూ కోటే. దాంతో ఫ్యాక్టరీలో మనిషి పోతే కోటి వస్తుందన్న మాట జనంలో స్థిరపడిపోయింది. కానీ 2025 ఏప్రిల్ 13న కైలాసపట్నం బాణసంచా కేంద్రం పేలి 8 మంది చనిపోతే ప్రభుత్వం ప్రకటించింది 15 లక్షలు. అచ్యుతాపురం, కైలాసపట్నం రెండూ అనకాపల్లి జిల్లావే. మధ్యలో ఎనిమిది నెలలు కూడా గడవలేదు.

ఇలా దయతో ప్రకటించే సాయాన్నే ఎక్స్‌గ్రేషియా అంటారు. దాని తీరే అంత. ఎవరు ప్రకటిస్తే వారి ఇష్టం. ఇస్తే తీసుకోవాలి, సందేహం లేదు. ప్రభుత్వం ఇచ్చింది తీసుకున్నంత మాత్రాన చట్టప్రకారం రావాల్సింది పోదు. అయితే దాన్నే నమ్ముకుని కూర్చుంటే అసలు హక్కుకు గడువు దాటిపోతుంది. హక్కుగా అడగగలిగేవి ప్రధానంగా మూడు: ఈఎస్‌ఐ (చందా కట్టించి నడిపే కార్మికుల ప్రభుత్వ బీమా), 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం, సివిల్ కోర్టు. వీటిలో మొదటి రెండు చట్టాలూ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం అదే కాబట్టి, జనం నోట్లో నలిగిన పాత పేర్లతోనే, పాత చట్టాల కింద నోటిఫై చేసిన అంకెలతోనే రాస్తున్నాను.

ముందు ఒక విషయం. ఈఎస్‌ఐ పరిధిలో ఉన్న కార్మికుడికి పరిహార చట్టం వర్తించదు. నెల జీతం 21,000 లోపు ఉండి, పది మందికి తక్కువ కాకుండా పనిచేసే ఫ్యాక్టరీ అయితే దారి ఈఎస్‌ఐ వైపే. జీతం అంతకు మించినా, పని చేసే చోట ఈఎస్‌ఐ లేకపోయినా పరిహార చట్టం. అంటే ఈ రెండింటి మధ్య ఎంచుకునే అవకాశం కార్మికుడి చేతిలో ఉండదు, జీతం చీటీయే తేల్చేస్తుంది. అయినా పోల్చి చూడటం దండగ కాదు. తనకు వచ్చేది ఎంతో తెలియని మనిషి మధ్యవర్తి ఎంత చెబితే అంతకు తలూపుతాడు.

30 ఏళ్ల మనిషిని తీసుకుందాం. నెలకు 18,000. భార్య, ఒక బిడ్డ. రియాక్టర్ దగ్గర హెల్పర్. ప్రమాదంలో చనిపోయాడు.

ఈఎస్‌ఐలో అయితే రోజు జీతం 600లో 90 శాతం, అంటే 540 రూపాయలు కుటుంబానికి పెన్షన్. అందులో ఐదింట మూడు వంతులు భార్యకు, రెండు వంతులు బిడ్డకు. నెలకు 16,200. కొడుకైతే 25 ఏళ్లు వచ్చేదాకా, కూతురైతే పెళ్లయ్యేదాకా, భార్యకు మళ్లీ పెళ్లి చేసుకోనంతవరకూ వస్తుంది.

పరిహార చట్టంలో అయితే లెక్కకు తీసుకునే జీతం 15,000 దాటదు. 2020 జనవరి నుంచి పరిమితి అది. అందులో సగం 7,500. దాన్ని 30 ఏళ్ల వయసుకు చట్టంలో ఇచ్చిన 207.98తో హెచ్చవేస్తే 15,59,850 రూపాయలు. ఒకేసారి వస్తుంది. ఆ కుటుంబానికి ఈఎస్‌ఐ పెన్షన్ ఎనిమిదేళ్లు అందితే దాదాపు అదే మొత్తం, ఆ తర్వాత వచ్చేదంతా మిగులు. పైగా ఈ పెన్షన్లను ఈఎస్‌ఐ కార్పొరేషన్ అప్పుడప్పుడూ పెంచుతుంటుంది. చిన్న వయసులో భర్తను పోగొట్టుకున్న ఆమెకు ఈఎస్‌ఐయే మేలని నేను నిస్సంకోచంగా చెబుతాను. పదిహేను లక్షలు చేతికొచ్చాయని తెలిసిన మర్నాటి నుంచి అప్పులవాళ్లు, చుట్టాలు ఇంటి చుట్టూ ఎలా తిరుగుతారో అందరికీ తెలిసిందే. దీన్ని చట్టమూ ఊహించింది. పరిహారాన్ని కార్మిక శాఖ దగ్గర జమ చేస్తే, భార్యాబిడ్డల కోసం అందులో కొంత డిపాజిట్‌లో పెట్టించే అధికారం అక్కడి అధికారికి ఉంది.

బతికి బయటపడ్డవాళ్ల విషయంలో తేడా ఇంకా పెద్దది. కాలిన గాయాలకు వైద్యం ఒక ఆపరేషన్‌తో పోదు. చర్మం అతికించాలి, బిగుసుకుపోయిన మెడనో మోచేతినో రెండేళ్ల తర్వాత మళ్లీ కోయాల్సి రావచ్చు. ఈఎస్‌ఐలో ఆ ఖర్చుకు కార్మికుడు చెయ్యి చాపక్కర్లేదు. వాళ్ల ఆసుపత్రిలో వీలుకాకపోతే ఒప్పందం ఉన్న పెద్దాసుపత్రికి రాసి పంపుతారు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ జీతంలో 90 శాతం వస్తుంది. ఉద్యోగంలో చేరి ఒక్కరోజే అయినా సరే, పనిలో తగిలిన గాయమైతే చాలు. పరిహార చట్టంలోనూ వైద్యం ఖర్చు యాజమాన్యమే భరించాలి. కానీ ఆచరణలో ముందు మనం పెట్టుకుని, బిల్లులు దాచుకుని, తర్వాత రాబట్టుకోవాలి. ఇంట్లో ఉన్నప్పుడు వచ్చేది జీతంలో పావు వంతు చొప్పున పక్షానికోసారి.

ఈఎస్‌ఐలో ఇబ్బంది మెడికల్ బోర్డు దగ్గర వస్తుంది. శాశ్వత వైకల్యం ఎంత శాతమో బోర్డు తేల్చాలి, పెన్షన్ ఆ శాతాన్ని బట్టే. చేతి బొటనవేలు తెగితే షెడ్యూల్ (చట్టంలో ఏ గాయానికి ఎంత శాతమో చెప్పే పట్టిక) ప్రకారం 30 శాతం. మన హెల్పర్ జీతానికి అది నెలకు 4,860. తిరిగి పనిలో చేరినా జీవితాంతం వస్తుంది. ముఖం బాగా వికృతమైతే 100 శాతం అని షెడ్యూల్‌లోనే ఉంది. కాలిన గాయాలవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ. షెడ్యూల్‌లో లేని గాయమైతే పని చేసే శక్తి ఎంత తగ్గిందన్నది చూస్తారు. పరిహార చట్టం కింద ఈ విషయంలో పనికొచ్చే తీర్పు 1975 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చింది. మోచేతి పైదాకా ఎడమ చెయ్యి తీసేసిన ఒక వడ్రంగిది ఆ కేసు. ఒంటిచేత్తో వడ్రంగం కుదరదు కాబట్టి నష్టం నూటికి నూరు శాతమని కోర్టు తేల్చింది. డాక్టర్ సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు ఏ పని చేసేవారో, ఇప్పుడు అందులో ఏది చేయలేకపోతున్నారో అందులో రాయించుకోవాలి.

అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఎవరో తెలుసా? నెలకు 45,000 తీసుకునే కెమిస్ట్, షిఫ్ట్ ఇన్‌చార్జి లాంటివాళ్లు. జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్‌ఐ లేదు. పరిహార చట్టంలోకి వస్తే లెక్క మళ్లీ 15,000 మీదే. 30 ఏళ్ల కెమిస్ట్ చనిపోయినా ఆ కుటుంబానికి చట్టం ఇచ్చేది అదే 15,59,850. ఈఎస్‌ఐ ఉన్న హెల్పర్ ఇంటికి నెలనెలా పెన్షన్ వస్తుంటే, పై ఉద్యోగి ఇంటికి ఆ మొత్తంతోనే సరి. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఎంతకు చేయించిందో ఇలాంటి ఉద్యోగులు ఇవాళే హెచ్‌ఆర్‌ను అడగడం మంచిది.

సివిల్ కోర్టు దారి నా దృష్టిలో ప్రధానంగా వీళ్లకే. అక్కడ అసలు జీతం మీద నష్టం లెక్కిస్తారు. ఢిల్లీ శ్రీరామ్ ఫ్యాక్టరీ గ్యాస్ లీకేజీ కేసులో 1986 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం తోడుగా ఉంది. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడు, మేం జాగ్రత్తలన్నీ తీసుకున్నాం అని తప్పించుకోలేడు. కాకపోతే ఏళ్లు పడుతుంది. పైగా రెండు పడవల మీద కాళ్లు కుదరవు. కార్మిక శాఖలో పరిహారం క్లెయిమ్ వేశాక అదే గాయానికి యాజమాన్యం మీద దావా వేయడానికి లేదు, దావా వేస్తే ఇటు క్లెయిమ్ పోతుంది. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకైతే ఈ తలుపు మూసే ఉంది. ఈఎస్‌ఐ లబ్ధి పొందిన కార్మికుడు యాజమాన్యం మీద నష్టపరిహారం దావా వేయలేడని 1997లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇక 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం ఫ్యాక్టరీ చుట్టుపక్కల జనం కోసం. అందులో కార్మికుడిని మినహాయించారు.

వీటన్నిటితో సంబంధం లేకుండా వచ్చేవి కొన్ని ఉన్నాయి. పీఎఫ్ ఉన్న ఉద్యోగి చనిపోతే దాంతోపాటు ఉండే బీమా కింద 7 లక్షల దాకా, పీఎఫ్ పెన్షన్, గ్రాట్యుటీ. మరణం లేదా వైకల్యం అయితే గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు నిబంధన లేదు. వీటిని కోటిలో కలిపేసి చూపిస్తున్నారేమో లెక్క అడగాలి.

కాంట్రాక్ట్ కార్మికుల దగ్గర తరచూ వినపడే మాట, “మీవాడు మా రోల్స్‌లో లేడు, మేస్త్రీనే అడుక్కోండి” అని. అది చెల్లదు. తన పని కోసం కాంట్రాక్టర్ ద్వారా మనిషిని పెట్టుకున్న అసలు కంపెనీయే పరిహారం ఇవ్వాలి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకుంటుందా లేదా అన్నది దాని తలనొప్పి. ఈఎస్‌ఐ వర్తించే ఫ్యాక్టరీలో పేరు నమోదు చేయకపోయినా, చందా కట్టకపోయినా కార్మికుడి హక్కు పోదు. కార్పొరేషన్ ఇవ్వాల్సింది ఇచ్చి యాజమాన్యం నుంచి రాబట్టుకుంటుంది. కాకపోతే ప్రమాదం జరిగాక హడావిడిగా చేసిన నమోదును ఆఫీసువాళ్లు అనుమానంగా చూస్తారు. హాజరు ఫొటోలు, జీతం పడిన బ్యాంకు ఎంట్రీ, గేట్ పాస్ లాంటివి అప్పుడే అక్కరకొస్తాయి.

ఐసీయూ బయట కుర్చీలో కూర్చున్న భార్య ముందు స్టాంపు పేపరు పెట్టి, ఇంత ఇస్తాం, ఇక ఏ క్లెయిమూ లేదని వేలిముద్ర వేయమనడం కొత్తేమీ కాదు. హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న కాగితం చట్టం ముందు నిలవదు. రాజీ ఒప్పందం ఏదైనా కార్మిక శాఖలో రిజిస్టర్ కావాలి, మొత్తం తక్కువగా ఉందనిపిస్తే అధికారి తిరస్కరించవచ్చు. మరణం కేసులో పరిహారాన్ని యాజమాన్యం అక్కడే జమ చేయాలి. ఇంటికొచ్చి చేతిలో పెట్టినదాన్ని పరిహారం కింద చూపించడానికి వీల్లేదు, మూడు నెలల జీతానికి మించని అడ్వాన్సు తప్ప. నెలలోగా కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే 50 శాతం వరకూ పెనాల్టీ.

పరిహారం క్లెయిమ్‌కు గడువు రెండేళ్లు. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, కుటుంబం ఉండే జిల్లాలోనూ వేయవచ్చు. పాశమైలారంలో పోయిన మనిషి భార్య శ్రీకాకుళంలోని కార్మిక శాఖ ఆఫీసులో కాగితాలు ఇస్తే చాలు, పటాన్‌చెరు చుట్టూ తిరగక్కర్లేదు. పారిశ్రామిక కార్మికులకు, పారిశ్రామిక ప్రమాద బాధితులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలని చట్టంలో ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు.