ఉద్దానం కిడ్నీ గుట్టు తెలియాలంటే రక్తమా, మూత్రమా, బయాప్సీ ముక్కా: ఏది మేలు?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, సోంపేట వైపు "క్రియాటినిన్ ఎంతుంది?" అనేది కుశలప్రశ్న అయిపోయింది. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అది. అక్కడి కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. జన్యువుల్లో ఏముందో చూడాలన్నా ఆ రక్తమే తీస్తే సరిపోదా అంటారు చాలామంది. వెతికేదేమిటో తేల్చుకుంటే గానీ దీనికి జవాబు దొరకదు.

పుట్టుకతో వచ్చిన డీఎన్‌ఏ తేడా కావాలంటే రక్తం చాలు. తెల్లకణంలో ఉన్న డీఎన్‌ఏనే కిడ్నీ కణంలోనూ ఉంటుంది. సూదితో కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసే బయాప్సీ మాటే ఇక్కడ అనవసరం.

ఏ జన్యువు ఇప్పుడు పనిచేస్తోంది, ఏది ఆగిపోయింది అన్నది మాత్రం వేరే సంగతి. యూరోమోడ్యులిన్‌నే తీసుకోండి. ఆరోగ్యవంతుల మూత్రంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ప్రోటీన్ ఇది. దాని జన్యువు ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉన్నా, పనిచేసేది ప్రధానంగా కిడ్నీ గొట్టాల్లో ఒక భాగంలోనే. అక్కడి కణాల్లో హెచ్‌ఎన్‌ఎఫ్1బి లాంటి నియంత్రక ప్రోటీన్లు ఉంటాయి. అవి జన్యువు దగ్గరి డీఎన్‌ఏను పట్టుకుంటేనే దాని నకలైన ఆర్‌ఎన్‌ఏ జోరుగా తయారవుతుంది; జన్యువు పనిచేస్తోందనడానికి గుర్తు అదే. తెల్లకణంలో ఆ ఏర్పాటు లేదు. అందుకే రక్తంలో ఆర్‌ఎన్‌ఏ ఎంత కొలిచినా ఈ జన్యువు ఉలకదు, పలకదు.

ఆ లెక్కన బయాప్సీయే సూటి దారి. కానీ సూది గుచ్చితే రక్తస్రావం భయం ఉంటుంది. కొన్నాళ్లు బరువులెత్తొద్దంటే కొబ్బరి దింపే మనిషికి కూలి పోతుంది. జబ్బు ముదిరి కిడ్నీ కుంచించుకుపోయాక ముక్క తీయడం మరీ ప్రమాదం, దొరికేదీ ఎక్కువగా మచ్చకట్టిన కణజాలమే. పోల్చి చూద్దామని బాగున్నవాళ్లకు సూది గుచ్చలేం కదా! ఏ కణజాలంలో ఏ జన్యువు పనిచేస్తోందో చూసేందుకు అమెరికాలో చనిపోయిన దాతల కణజాలాలతో నడిచిన జీటెక్స్ ప్రాజెక్టుకే 2020 నాటి విశ్లేషణలో రక్తం నమూనాలు 670 ఉంటే, కిడ్నీ పైపొరవి 73 దొరికాయి.

మూత్రంలో కిడ్నీ గొట్టాల నుంచి రాలిన కణాలు వస్తాయి. నొప్పి లేదు, నెలనెలా తీయొచ్చు, జబ్బు లేనివాళ్లూ ఇస్తారు. చిక్కల్లా మూత్రాశయం కణాలు కలిసిపోవడం, ఆర్‌ఎన్‌ఏ త్వరగా పాడైపోవడం. మన ఎండల్లో ఐసు పెట్టె, నిల్వ ద్రావణం లేకుండా ఊళ్లోంచి ల్యాబుకు పంపితే శ్రమంతా వృథా. ఒక్కో కణంలోని ఆర్‌ఎన్‌ఏను విడివిడిగా చదివే పద్ధతి వాడితే ఏది కిడ్నీదో, ఏది కాదో చాలావరకు వేరుచేయొచ్చు.

ఊరూరా చేసే పరిశోధనకైతే నా ఓటు మూత్రానికే, డీఎన్‌ఏ కోసం ఒక్కసారి రక్తం. పరిశోధన కోసమే అంటూ బయాప్సీ వద్దు. పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చింది. అలాంటిచోట వైద్యం కోసం బయాప్సీ ఎలాగూ చేస్తున్నప్పుడు, రోగి ఒప్పుకుంటే పరీక్షకు పోగా మిగిలిన ముక్కను, అదే రోజు మూత్రాన్ని కలిపి దాచాలి. అప్పుడు మూత్రం చెప్పేది కిడ్నీ విషయంలో ఎంతవరకు నిజమో మనవాళ్లలోనే సరిచూడొచ్చు.