కీమో టైమ్‌లో పసుపు: వంటలోనా, క్యాప్సూల్‌లోనా?

మా పిన్నికి గుంటూరులో కీమో నడుస్తోంది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లూ పసుపు వాడమ్మా అని చెప్పి వెళ్తున్నారు, పక్కనే దుగ్గిరాల పసుపు యార్డు పెట్టుకుని ఆ ముక్క మనకొకరు చెప్పాలా! తేల్చుకోవాల్సింది ఏ రూపంలో అన్నదే.

వంటలో పసుపు సంగతి తేలికే. అందులో పసుపు రంగునిచ్చే అసలు పదార్థం కర్క్యుమిన్ ఉండేదే సుమారు 3 శాతం, అదీ ఒంటికి పెద్దగా పట్టదు. క్యాన్సర్‌ని తగ్గించదు గానీ, రోజూ తినే పప్పులో చిటికెడు పడితే మామూలుగా ఇబ్బంది ఉండదు.

క్యాప్సూల్ అలా కాదు. డబ్బా మీద ఆయుర్వేదం అని ఉంటుంది కాబట్టి మందులా అనిపించదు, కానీ ఒక్కోదానిలో 500 మిల్లీగ్రాముల కర్క్యుమిన్ ఉండేవి ఉన్నాయి, పైగా చాలావాటిలో మిరియాల నుంచి తీసిన పైపరిన్ కలుపుతారు. 20 మిల్లీగ్రాముల పైపరిన్ తోడైతే మనుషుల్లో కర్క్యుమిన్ ఒంటబట్టడం 2000 శాతం పెరిగిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. వినడానికి బాగానే ఉంది, అయితే అదే పైపరిన్ మందుల్ని విరగ్గొట్టే లివర్ ఎంజైములకూ అడ్డం పడుతుంది, అంటే రక్తంలో కీమో మందు మోతాదు అటూఇటూ కావచ్చు. కర్క్యుమిన్, పైపరిన్ రెండూ కలిపి వేసుకుంటే టామాక్సిఫెన్ అనే రొమ్ము క్యాన్సర్ మందు వాడేవాళ్లలో ఆ మందు పనిచేసే రూపం తగ్గినట్టు 2019లో తేలింది. పసుపు క్యాప్సూల్స్‌తో లివర్ దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. ప్లేట్‌లెట్లు పడిపోయినవాళ్లకు రక్తస్రావం భయం వేరే.

డబ్బా తీసుకెళ్లి డాక్టరుగారికి చూపిస్తే, కీమో అయ్యేదాకా పక్కన పెట్టమన్నారు. పిన్ని మాత్రం పప్పులో పసుపు ఎక్కువైందని బాబాయి మీద విసుక్కుంటోంది.